మిడ్‌వెస్ట్ పల్లెటూరి తాతమ్మ చరిత్ర తవ్వడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

మన పిల్లలు అమెరికా వాళ్ళని పెళ్లి చేసుకోవడం ఇప్పుడు వింతేం కాదు కదా, మనవలు పుడతారు, స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్ ఇస్తారు, మన వైపు అయితే తాతయ్య ఇంటిపేరు గోత్రంతో సహా గడగడా చెప్పేస్తాడు, అటువైపు మాత్రం ఒక అమ్మమ్మ పేరు దగ్గర బండి ఆగిపోద్ది. అందులోనూ మిడ్‌వెస్ట్‌లో, అంటే అమెరికా నడిమధ్యలో ఉండే అయోవా, నెబ్రాస్కా, మిన్నెసోటా, కాన్సాస్, విస్కాన్సిన్ లాంటి చోట్ల రైతు కుటుంబాలైతే మరీను. మగాళ్ళ సంగతి కాస్త నయం, పొలం కొన్నాడు, ఓటేశాడు, యుద్ధానికెళ్ళాడు, ఏదో ఒక రిజిస్టర్లో పేరుంటుంది. ఆడవాళ్ళ దగ్గరే చిక్కు. పెళ్లికి ముందు నాన్న పేరు కింద, పెళ్లయ్యాక మొగుడి పేరు కింద, ముసలయ్యాక కొడుకింట్లోనో కూతురింట్లోనో ఒక మూల లైన్లో ఉంటారు. కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఆవిడ పేరు గూగుల్లో కొట్టి కూర్చుంటే ఏం రాదు, ఆవిడ చుట్టూ ఉన్న వాళ్ళ కాగితాల్లో ఆవిణ్ణి పట్టుకోవాలి.

ఉదాహరణకి మా వియ్యపురాలి తాతమ్మనే తీసుకుంటా. 1870ల్లో అయోవాలో పుట్టిన జర్మన్ రైతు బిడ్డ, పొలం, పిల్లలు, చర్చి తప్ప ఇంకేం లేని మామూలు మనిషి. పేరు చెప్పను, వాళ్ళింటి విషయం కదా.

ముందు ఇల్లు, తర్వాతే ఇంటర్నెట్

అందరూ చేసే పని ఏంటంటే తిన్నగా యాన్సెస్ట్రీ అనే వంశవృక్షాల సైట్లో డబ్బు కట్టేసి, అక్కడెవరో పెట్టిన చెట్టుని కాపీ కొట్టేయడం. అది చేయకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి, వాళ్ళ పర్మిషన్ తీస్కునే పెట్టండి. "మీ తాతమ్మ గురించి చెప్పండి" అంటే "మంచిది, బాగా కష్టపడేది" అని ఒక్క ముక్కతో అయిపోతుంది, అదే పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టి "ఈ పక్కనున్నావిడ ఎవరు" అని అడగండి, అరగంట ఆగరు. పక్కనున్నావిడ అక్కో చెల్లెలో అయితే ఆవిడ పెళ్లి చేసుకున్న ఇంటిపేరు రాసుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

ఇంట్లో అడగాల్సినవి: ఫ్యామిలీ బైబిల్ (ముందు పేజీల్లో పుట్టుకలు, చావులు రాసేవాళ్ళు), అంత్యక్రియలప్పుడు పంచిన కార్డులు, చర్చి బాప్టిజం సర్టిఫికెట్లు, ఉత్తరాలు కవర్లతో సహా, ఎందుకంటే స్టాంపు మీద కొట్టిన పోస్టాఫీసు ముద్రలో ఊరు పేరుంటుంది. ఇంకోటి ఎవరూ పట్టించుకోరు, చర్చి ఆడవాళ్ళు కలిసి వేసిన వంటల పుస్తకం. ఆ పల్లెల్లో చర్చి చర్చికీ లేడీస్ ఎయిడ్ అని ఒక సంఘం ఉండేది, వాళ్ళు వంటకాలు పోగేసి పుస్తకం వేసి అమ్మి చర్చి రిపేర్లకి డబ్బులు పెట్టేవాళ్ళు, ఒక్కో వంటకం కింద ఇచ్చినావిడ పేరు. మా వియ్యపురాలి వంటింట్లో అలాంటిది ఒకటి దొరికింది, కాఫీ కేక్ కింద తాతమ్మ పేరు, రెండు పేజీల తర్వాత పికిల్ కింద అదే ఇంటిపేరుతో ఇంకొకావిడ, ఆవిడెవరా అని తవ్వితే తోడికోడలు. పేరు లేని పల్లెటూరి మనిషికి అచ్చులో పేరు పడిన ఒకే ఒక్క చోటు అది కావచ్చు.

జనాభా లెక్కలు: అసలు వెన్నెముక ఇదే

ఇక్కడ కాస్త టైం పెట్టండి. అమెరికా సెన్సస్ 1790 నుంచి పదేళ్ళకోసారి జరుగుతోంది, కానీ 1840 దాకా ఇంటి యజమాని పేరు ఒక్కటే, మిగతా వాళ్ళంతా లెక్కలో అంకెలు. 1850 నుంచి ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ రాశారు, బానిసలని తప్ప. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయడం మాత్రం 1880 నుంచే. అంటే 1870 లెక్కల్లో ఒక ఇంట్లో ఇరవై ఏళ్ళ అమ్మాయి కనపడితే కూతురని తేల్చేయకండి, చెల్లెలు కావచ్చు, పనమ్మాయి కావచ్చు, పెళ్లాం కూడా కావచ్చు. సెన్సస్ వివరాలు 72 ఏళ్ళ దాకా బయటపెట్టరు, అందుకే 1950ది 2022 ఏప్రిల్ 1న వదిలారు, 1960ది చూడాలంటే 2032 దాకా ఆగాలి. వెతికేటప్పుడు అక్కణ్ణుంచి వెనక్కి రండి, 1950, 1940, 1930 ఇలా, ముందు నుంచి వస్తే అదే పేరున్న వేరే మనిషి వెనకాల పడిపోతారు.

ఇప్పుడు అసలు గొయ్యి. 1890 సెన్సస్ దాదాపు మొత్తం పోయింది, 1921 జనవరిలో వాషింగ్టన్‌లో కామర్స్ డిపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో మంటలొచ్చి కొంత కాలి కొంత నీళ్ళకి తడిసి, మిగిలింది తర్వాత వాళ్ళే పారేశారు. దాని వల్ల 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ళ ఖాళీ. మన తాతమ్మ లాంటి వాళ్ళకి దెబ్బ సరిగ్గా ఇక్కడే, 1880లో నాన్న ఇంట్లో చిన్నపిల్ల, 1900లో ఇంకో ఇంటిపేరుతో ముగ్గురు పిల్లల తల్లి, ఈ ఇద్దరూ ఒకరే అని ఏ కాగితం చెప్తుంది?

దీనికి మందు రాష్ట్రాల సొంత లెక్కలు. అయోవా 1885, 1895, 1905, 1915, 1925ల్లో తీసింది, కాన్సాస్ 1865 నుంచి 1925 దాకా పదేళ్ళకోసారి, విస్కాన్సిన్, మిన్నెసోటాలకి 1885, 1895, 1905 ఉన్నాయి, నెబ్రాస్కాకి 1885. కాన్సాస్ దాంట్లో ఎక్కణ్ణుంచి వచ్చారో కూడా రాయించారు. వీటన్నిటిలో నాకు ఇష్టమైంది అయోవా 1925. అందులో ప్రతి మనిషికీ నాన్న పేరు, అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో సహా, వాళ్ళు ఎక్కడ పుట్టారు, వాళ్ళ పెళ్లి ఎక్కడయింది అని అడిగారు. తాతమ్మకి అప్పటికి యాభై దాటింది, జుట్టు నెరిసిన ఆడమనిషి లైన్లో ఆవిడ అమ్మా నాన్నల పేర్లు, పుట్టింది జర్మనీ, పెళ్లి అయోవాలో అని వరసగా ఉన్నాయి. ఒక్క లైన్‌తో ఒక తరం వెనక్కెళ్ళిపోయాం. మీ వాళ్ళు 1925లో అయోవాలో ఉంటే వేరే ఏమీ ముట్టుకోకుండా ముందు ఇది చూడండి. 1915ది కూడా బావుంటుంది, మనిషికో కార్డు, ఏ చర్చో కూడా ఉంటుంది.

1900 లెక్కల్లో ఇంకో రెండు గళ్ళు చూడాలి, మొత్తం ఎంతమందిని కన్నది, అందులో ఎంతమంది బతికున్నారు. 1910లో కూడా అడిగారు. ఐదు, మూడు అని ఉందనుకోండి, ఇద్దరు పిల్లలు లెక్కలకీ లెక్కలకీ మధ్యలో పుట్టి పోయారన్నమాట, వాళ్ళ కోసం చర్చి పుస్తకంలోనూ శ్మశానంలోనూ వెతకాలి. కన్న అంకె ఇంట్లో ఉన్న పిల్లల కంటే తక్కువగా ఉంటే మాత్రం మొగుడికి ఇది రెండో పెళ్లేమో, మొదటి భార్య పిల్లలున్నారేమో చూడండి.

వయసులు నమ్మొద్దు, పదేళ్ళు గడిస్తే ఏడేళ్ళే పెరిగినావిడలు బోలెడు మంది. చెప్పింది కూడా ఆవిడే అయ్యుండకపోవచ్చు, 1940లో మాత్రం ఎవరు చెప్పారో వాళ్ళ పేరు పక్కన సున్నాలో ఇంటూ గుర్తు పెట్టారు.

పెళ్లి కాగితం

పుట్టింటి పేరుకీ అత్తింటి పేరుకీ వంతెన ఇదే. పెళ్లి రికార్డులు కౌంటీ కోర్ట్‌హౌస్‌లో ఉంటాయి, కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి, కాకపోతే చాలా చిన్నది, ఒక్క అయోవాలోనే 99 ఉన్నాయి. పెళ్లి మామూలుగా అమ్మాయి వాళ్ళ కౌంటీలోనే జరుగుతుంది కాబట్టి కాపురం పెట్టిన చోట దొరక్కపోతే పక్క కౌంటీలన్నీ చూడండి. అయోవాలో 1880 నుంచి రాష్ట్రం తరఫున నమోదు మొదలైంది, ఆ తర్వాతి ఫారాల్లో ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ రాసేవాళ్ళు. సాక్షుల పేర్లు అస్సలు వదలొద్దు, ఎక్కువగా అక్కాచెల్లెళ్ళూ అన్నదమ్ములే సంతకాలు పెడతారు.

ఇవి చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే సైట్లో ఫ్రీగా ఉన్నాయి, అకౌంట్ పెట్టుకుంటే చాలు, సాల్ట్ లేక్ సిటీలో ఉండే మోర్మన్ చర్చి వాళ్ళు నడిపేది. కొన్ని ఇమేజ్‌లు ఇంట్లో తెరుచుకోవు, వాళ్ళతో టై-అప్ ఉన్న లైబ్రరీకి వెళ్తే తెరుచుకుంటాయి. యాన్సెస్ట్రీ కూడా చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఊరికే వాడుకోనిస్తారు, డబ్బు కట్టేముందు మీ ఊరి లైబ్రరీలో అడగండి.

చావు కాగితం, సమాధి

డెత్ సర్టిఫికెట్లో తల్లి పుట్టింటి పేరు అడుగుతారు, కానీ చెప్పినవాడు ఎవరో చూడండి, అల్లుడైతే అత్తగారి అమ్మ పేరు ఎంత తెలుస్తుంది చెప్పండి. రాష్ట్రాన్ని బట్టి నమోదు మొదలైన ఏడాది మారుతుంది, మిషిగన్‌లో 1867కే ఉంది, మిస్సోరీలో 1910, కాన్సాస్‌లో 1911, ఇల్లినాయ్‌లో రాష్ట్రం మొత్తానికి 1916, అంతకు ముందువి కౌంటీల్లోనే చూసుకోవాలి. మిస్సోరీ వాళ్ళు మాత్రం పుణ్యాత్ములు, యాభై ఏళ్ళు దాటిన డెత్ సర్టిఫికెట్ల బొమ్మలు స్టేట్ ఆర్కైవ్స్ సైట్లో ఫ్రీగా పెట్టేశారు.

సమాధుల కోసం ఫైండ్ ఎ గ్రేవ్ అనే సైట్ ఉంది. తాతమ్మ రాయి మీద పెద్దక్షరాల్తో "మదర్" అని మాత్రమే ఉంది, పక్కన "ఫాదర్", ఇంటిపేరు వెనకాల పెద్ద రాయి మీద. అలాంటప్పుడు శ్మశానం రిజిస్టర్ అడగాలి. వీలైతే స్వయంగా వెళ్ళి ఆ వరసా, ముందు వరసా, వెనక వరసా మొత్తం ఫొటోలు తీయండి, పల్లెటూరి చర్చి శ్మశానంలో పక్కన పడుకున్నవాళ్ళు ఎక్కువగా చుట్టాలే, సైట్లో విడి విడి ఫొటోలు చూస్తే ఈ సంగతి తెలీదు.

పొలం, వీలునామా

ఇక్కడ చాలామంది బద్ధకిస్తారు, నిజానికి ఆడవాళ్ళు బాగా దొరికేది ఇక్కడే. నాన్న వీలునామాలో "నా కూతురు ఫలానా, ఫలానా అతని భార్య" అని స్పష్టంగా ఉంటుంది. వీలునామా రాయకుండా పోతే ఇంకా మంచిది (మనకి అన్నమాట!), వారసులందరి పేర్లూ, ఎవరెక్కడుంటున్నారో కోర్టుకి లిస్టు ఇవ్వాలి. పెళ్లి కాని మేనత్త చచ్చిపోతే ఆవిడ ప్రొబేట్ ఫైల్ (చనిపోయినవాళ్ళ ఆస్తి తేల్చే కోర్టు ఫైల్) బంగారం, అన్నదమ్ముల పిల్లలూ అక్కచెల్లెళ్ళ పిల్లలూ అందరూ వరసలతో సహా వచ్చేస్తారు.

భూమి అమ్మిన దస్తావేజుల్లో భార్య సంతకం కూడా తీసుకునేవాళ్ళు, ఆస్తిలో ఆవిడకి హక్కుంది కాబట్టి. కొన్నప్పటి కాగితంలో ఆవిడ పేరుండదు, అమ్మినప్పటి కాగితంలో ఉంటుంది, ఇది గుర్తుపెట్టుకోండి. ఇదివరకు ఇవి వెతకాలంటే ఇండెక్స్‌లో మగాడి పేరే దిక్కు, 2024లో ఫ్యామిలీసెర్చ్ వాళ్ళు ఫుల్ టెక్స్ట్ సెర్చ్ అని ఒకటి తెచ్చారు, కంప్యూటరే చేతిరాత చదివి లోపల ఎక్కడ ఏ పేరున్నా పట్టిచ్చేస్తుంది. ఆవిడ మొదటి పేరు, మొగుడి ఇంటిపేరు, కౌంటీ కొట్టండి, స్పెల్లింగులు మార్చి మార్చి కొట్టండి, దస్తావేజులూ ప్రొబేట్ కాగితాలూ వచ్చి పడతాయి.

ప్రభుత్వం దగ్గర్నుంచి భూమి తీసుకున్న వాళ్ళయితే 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు, ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా. ఇందులో ఆడవాళ్ళకి కూడా దారుంది, పెళ్లి కాకుండా 21 నిండిన అమ్మాయి గానీ, విధవ గానీ తన పేరునే తీసుకోవచ్చు, నెబ్రాస్కా, డకోటాల వైపు అలా తీసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పట్టాలు ప్రభుత్వ భూముల ఆఫీసు, అంటే జనరల్ ల్యాండ్ ఆఫీస్ సైట్లో ఫ్రీ, కానీ అసలు సరుకు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉండే కేస్ ఫైల్, ఇల్లు ఎన్ని అడుగులు, ఎన్ని ఎకరాలు దున్నారు, బావి తవ్వారా లేదా, పక్క పొలం వాళ్ళు సాక్ష్యం ఏం చెప్పారు, అన్నీ అందులోనే. నెబ్రాస్కావి డిజిటైజ్ అయిపోయాయి.

మొగుడు 1861-65 సివిల్ వార్‌లో యూనియన్ (ఉత్తరాది) సైన్యంలో చేసుంటే విధవ పెన్షన్ ఫైల్ తెప్పించండి. పెన్షన్ కావాలంటే పెళ్లయిందని, పిల్లలు ఫలానా రోజు పుట్టారని ఆవిడే రుజువు చేసుకోవాలి, దానికోసం మంత్రసాని, పాస్టర్, ఇరుగుపొరుగు అందరి చేతా అఫిడవిట్లు ఇప్పించేది. ఒక్కోసారి బైబిల్లోంచి చింపిన పేజీ కూడా ఫైల్లో ఉంటుంది.

పేపర్లు

పల్లెటూరి వీక్లీల్లో ఊరి కబుర్ల కాలమ్ ఉండేది, ఆదివారం ఎవరు ఎవరింటికి భోజనానికెళ్ళారు, ఎవరి చెల్లెలు రైల్లో వచ్చింది, ఎవరికి జబ్బు చేసింది, ఇవే వార్తలు. మన తాతమ్మలకి ఇది ఖజానా, కాకపోతే పేరు ఆవిడది ఉండదు, మిసెస్ అని పెట్టి మొగుడి పేరే. పూర్తి పేరుతో వెతికితే రాదు, మొగుడి ఇనీషియల్స్‌తో వెతకండి. మాకు దొరికిన ఒక ముక్క ఏంటంటే, ఫలానా మిసెస్ తన అక్క మిసెస్ ఫలానాని చూడ్డానికి నెబ్రాస్కా వెళ్ళి వచ్చారు అని రెండు లైన్లు, అంతే, ఆ అక్క ఉన్నట్టు కుటుంబంలో ఎవరికీ తెలీదు. ఆ అక్క సంతాప వార్త తెప్పిస్తే అందులో జర్మనీలో నాన్న పుట్టిన ఊరు పేరు ఉంది. చెల్లెలి కాగితాల్లో ఎక్కడా లేని ఊరు అక్క కాగితంలో దొరికింది, పక్కకి వెతకండి అని మొత్తుకునేది ఇందుకే.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ క్రానిక్లింగ్ అమెరికా ఫ్రీ, ఇల్లినాయ్, ఇండియానా, మిన్నెసోటాలకి సొంత ఫ్రీ సైట్లున్నాయి, చిన్న ఊళ్ళ లైబ్రరీలు కూడా తమ పేపర్ని స్కాన్ చేయించి పెట్టుకుంటున్నాయి, అవి గూగుల్లో సరిగ్గా తగలవు, ఆ ఊరి లైబ్రరీకి ఒక మెయిల్ కొట్టండి. మిడ్‌వెస్ట్ లైబ్రేరియన్లంత ఓపిక నేనెక్కడా చూళ్ళేదు.

చర్చి, సముద్రం అవతల

చర్చి పుస్తకాలు ఆ వలస వచ్చినవాళ్ళ భాషలోనే ఉంటాయి. జర్మన్ చర్చిల్లో మొదటి ప్రపంచ యుద్ధం దాకా జర్మనే. 1918 మేలో అయోవా గవర్నర్ విలియమ్ హార్డింగ్ పబ్లిక్‌గా, చివరికి చర్చిలో కూడా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడొద్దని ఆర్డరేశాడు, ఆ ఏడాది ప్రాంతంలో పుస్తకం భాష సడెన్‌గా మారిపోతే ఆశ్చర్యపోకండి. పాత జర్మన్ చేతిరాత కుర్రెంట్ అని వేరే ఉంటుంది, జర్మన్ వచ్చినవాళ్ళకే తల తిరుగుతుంది, పాత చేతిరాత చదివిపెట్టే ట్రాన్స్‌క్రిబస్ అనే టూల్ కాస్త సాయం చేస్తుంది.

యుద్ధం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. 1907 నుంచి 1922లో కేబుల్ చట్టం వచ్చేదాకా, అమెరికాలో పుట్టిన ఆడది పౌరసత్వం లేని పరాయి దేశం వాణ్ణి చేసుకుంటే ఆవిడ పౌరసత్వం కూడా పోయేది. అయోవాలో పుట్టి జర్మనీ మొహం కూడా చూడని ఆవిడ కూడా 1918లో "శత్రుదేశపు మనిషి" అని పేరు నమోదు చేయించుకోవాల్సొచ్చింది, మొగుడు పౌరుడు కాకపోతే. కాన్సాస్‌లో ఆ అఫిడవిట్లు మిగిలాయి, ఫొటో, వేలిముద్రలతో సహా, నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో చూడొచ్చు. అన్యాయమైన కాగితమే గానీ పల్లెటూరి ఆడమనిషి ఫొటో ఉన్న ప్రభుత్వ కాగితం అంత సులువుగా దొరకదు మరి.

అవతలి దేశం రికార్డుల్లోకి వెళ్ళాలంటే దేశం పేరు చాలదు, ఊరు పేరు కావాలి. సెన్సస్‌లో "ప్రష్యా" అని ఉంటే అది సగం జర్మనీ. ఊరు దొరికాక, నార్వే వాళ్ళయితే డిజిటల్‌ఆర్కివెట్ సైట్ మొత్తం ఫ్రీ, స్వీడన్ నేషనల్ ఆర్కైవ్స్ కూడా ఫ్రీ, జర్మన్ కాథలిక్కుల చర్చి పుస్తకాలకి మాట్రిక్యులా సైట్ ఫ్రీ, ప్రొటెస్టెంట్లవైతే ఆర్కియన్ సైట్‌కి డబ్బు కట్టాలి. నార్వే, స్వీడన్ పల్లెల్లో ఇంటిపేరు తరం తరానికీ మారుతుంది, నాన్న పేరుకి కొడుకైతే సన్, కూతురైతే డాటర్ అని తగిలిస్తారు, అమెరికా వచ్చాక ఒకటి ఫిక్స్ చేసుకున్నారు. ఓడ లిస్టుల్లో హాంబర్గ్‌వి 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి, బ్రెమెన్ నుంచి ఎక్కినవాళ్ళవి చాలావరకు లేవు. న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్ళని చెక్ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్ పేరు మార్చేశాడనే కథ ప్రతి ఇంట్లోనూ చెప్తారు, వినండి, నమ్మకండి, వాళ్ళు ఓడ ఎక్కేటప్పుడు రాసిన లిస్టునే చూసి పిలిచేవాళ్ళు, పైగా ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో, మన తాతమ్మ నాన్న అప్పటికే అయోవాలో మొక్కజొన్న వేస్తున్నాడు.

ఎంత వెతికినా అమ్మా నాన్నల జాడ లేకపోతే ఆర్ఫన్ ట్రైన్ పిల్లేమో చూడండి, 1854 నుంచి 1929 దాకా న్యూయార్క్ నుంచి అనాథ పిల్లల్నీ పేదింటి పిల్లల్నీ రైళ్ళలో తెచ్చి ఈ పల్లెల్లో రైతులకి ఇచ్చేవాళ్ళు, కాన్సాస్‌లో కాంకార్డియా అనే ఊళ్ళో దానికి మ్యూజియం, రికార్డులు ఉన్నాయి.

డీఎన్ఏ, ఆ పైన

డీఎన్ఏ టెస్ట్ చివర్లో చేయించండి, అది కూడా బతికున్న వాళ్ళలో అందరికంటే పెద్దవాళ్ళతో. మ్యాచ్ లిస్టులో తాతమ్మ అక్కాచెల్లెళ్ళ మునిమనవలు కనపడితే కాగితాల మీద కట్టిన చెట్టు నిలబడుతుంది, చెట్టు లేకుండా ఉత్త లిస్టు చూస్తే తల నొప్పి తప్ప ఏం రాదు. ముందే అడగండి, ఊహించనిది బయటపడితే తెలుసుకోవాలనుందా లేదా అని. కాగితాల్లో కూడా ఇలాంటివి వస్తాయి, పెళ్లికి ముందే పుట్టిన బిడ్డ, స్టేట్ హాస్పిటల్లో (అంటే పిచ్చాసుపత్రిలో) చనిపోయిన అక్క, వదిలేసి పోయిన మొగుడు. మనం బయటవాళ్ళం, వియ్యాలవారి ఇంటి గుట్టు, ముందు వాళ్ళొక్కళ్ళకే చెప్పి, చెట్టులో ఏం పెట్టాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

ప్రతి కాగితం ఫొటోకి ఫైల్ పేరులోనే ఏడాది, కౌంటీ, ఎక్కడ దొరికిందో రాసి పెట్టుకోండి. అదే కౌంటీలో అదే పేరుతో ఇంకో ఇద్దరు ఉండటం గ్యారంటీ, కాబట్టి ఒక్క కాగితంతో ఏదీ తేల్చకండి, మొగుడి పేరు, ఊరు, పిల్లల పేర్లలో కనీసం రెండు కలవాలి. బతికున్నవాళ్ళ వివరాలు ఆన్‌లైన్ చెట్టులో పెట్టకండి. అంతా అయ్యాక ఒక కాపీ ఆ కౌంటీ హిస్టారికల్ సొసైటీకి పంపండి, ఇంకో కాపీ ఇండియానాలో ఫోర్ట్ వేన్‌లోని అలెన్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీకి, అక్కడి జీనియాలజీ సెంటర్‌లో కుటుంబాలు రాసుకున్న ఇలాంటి చరిత్రలు బాగా పోగేస్తారు.